ప్యాడ్ అరగలేదు, అయినా మార్చాలా?

ఈ నెల సంచి విప్పితే ఎక్కువ ఉత్తరాలు హైబ్రిడ్ బండ్ల బ్రేకుల మీదే ఉన్నాయి. 2022, 23లో హైరైడర్లు, గ్రాండ్ విటారాలు, హైక్రాస్‌లు కొన్నవాళ్లకి ఇప్పుడు మీటరు లక్ష దగ్గరకొస్తున్నట్టుంది, మొదటిసారి బ్రేకు ప్యాడ్స్ మాట ఇప్పుడే వినపడుతోంది. ఏసీ వాసన, వైపర్ల గోల వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారికి బ్రేకులే చూసేద్దాం.

*గురువుగారూ నమస్కారం. నాది 2022 డిసెంబర్‌లో తీసుకున్న హైరైడర్ హైబ్రిడ్, 78 వేలు తిరిగింది. మొన్న సర్వీసుకిస్తే ముందు ప్యాడ్స్ మార్చాలన్నారు. చూపించమంటే బయటి ప్యాడ్ ఇంకా సగం పైనే ఉంది, లోపలిది మాత్రం పల్చబడిపోయింది. హైబ్రిడ్‌కి ప్యాడ్స్ చాలా ఏళ్లు వస్తాయని కొనేటప్పుడు చెప్పారు కదా, ఇదేంటి? మా ఊళ్లో స్పేర్ పార్ట్స్ షాపాయన సిరామిక్ అని ఒకటి, మెటాలిక్ అని ఒకటి, రేసింగ్ రకం అని ఎర్ర డబ్బా ఇంకోటి చూపించాడు, మూడింటికీ మూడు రేట్లు. ఏది వెయ్యమంటారు, అసలు వెయ్యాలా? — గుంటూరు పాఠకుడు*

జవాబు మీ ఉత్తరంలోనే ఉందండీ. బయటిది సగం ఉంది, లోపలిది పల్చబడింది అన్నారు చూడండి, అదీ సంగతి. మీ ప్యాడ్స్ అరిగిపోవడం కాదు, మీ కాలిపర్ పట్టేసింది, అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కుకి ప్యాడ్స్‌ని నొక్కే పట్టకారు లాంటి భాగం బిగుసుకుపోయింది. కాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారుతుండాలి. పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్కు మీదకి నెట్టగానే కాలిపర్ మొత్తం ఇటు జరిగి బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొచ్చి నొక్కాలి. ఆ పిన్నుల్లో గ్రీజు ఎండిపోయి, మడ్డి కట్టి, తుప్పు పట్టిందనుకోండి, బయటి ప్యాడ్ పెళ్లికొచ్చిన చుట్టంలా ఊరికే నిలబడుంటుంది, చాకిరీ అంతా లోపలిదే చేస్తుంది. పిన్నులు బాగుచెయ్యకుండా ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా కొన్నాళ్లకి మళ్లీ ఇదే కథ, మళ్లీ నాకు ఇదే ఉత్తరం.

హైబ్రిడ్‌లోనే ఇది ఎందుకు ఎక్కువంటే, పాత సైకిలు డైనమో గుర్తుందా, దాన్ని టైరుకి ఆనిస్తే లైటు వెలిగేది కానీ తొక్కడం బరువెక్కేది. హైబ్రిడ్‌లో మీరు బ్రేకు మెల్లగా నొక్కినప్పుడు జరిగేది అదే, ఇంజనుతో పాటు ఉండే కరెంటు మోటారే డైనమో అయిపోయి కరెంటు తయారుచేసి బ్యాటరీలోకి పంపిస్తుంది, ఆ బరువుకి బండి నెమ్మదిస్తుంది, ప్యాడ్స్ డిస్కుని ముట్టుకోనే ముట్టుకోవు. బండి ఆగబోయే ముందు చివరి పది కిలోమీటర్ల స్పీడులోనో, గట్టిగా తొక్కినప్పుడో, బ్యాటరీ నిండిపోయినప్పుడో మాత్రం ప్యాడ్స్‌కి పని పడుతుంది. అరుగుదల తక్కువే, షోరూమ్ వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధమేం లేదు. కానీ వాళ్లు చెప్పని రెండో సగం ఏంటంటే, పని లేని ఇనుముకి తుప్పు పడుతుంది. మామూలు బండిలో వానకి తడిసిన డిస్కు మీద ఎర్రగా వచ్చే పొర నాలుగు బ్రేకులు కొడితే తుడుచుకుపోతుంది, వేడికి కాలిపర్ ఆరిపోతుంది, పిన్నులు రోజూ కదుల్తుంటాయి కాబట్టి ఫ్రీగా ఉంటాయి. హైబ్రిడ్‌లో ఇవేవీ సరిగ్గా జరగవు. అందుకే నా దగ్గరకొచ్చే హైబ్రిడ్లలో ప్యాడ్ మందం చూసి మార్చేదానికంటే పట్టేసి, తుప్పుపట్టి, ఒకవైపే అరిగి మార్చేవి ఎక్కువ.

ఇక వెయ్యాలా అంటే, పల్చబడిన లోపలి ప్యాడ్‌ని కొలవమనండి. వెనకాల ఉండే ఇనప పలక కాకుండా డిస్కుని రాసుకునే మసాలా మందం ఒక్కటే, 3 మిల్లీమీటర్లకి దిగితే మార్చెయ్యండి, అంతకంటే పైన ఉంటే పిన్నులు సర్వీసు చేయించి నడుపుకోండి. బయటిది బాగుంది కదా లోపలిది ఒక్కటే మారుద్దాం అని మాత్రం అనొద్దు, ముందు రెండు చక్రాలకీ కలిపి నాలుగు ప్యాడ్స్ ఒకేసారి మారాలి, లేకపోతే బ్రేకు కొట్టినప్పుడు బండి ఓ పక్కకి లాగుతుంది.

మీ షాపాయన చూపించిన మూడు డబ్బాల్లో ఎర్ర డబ్బాని ముందు పక్కన పెట్టండి. రేసింగ్ రకం ప్యాడ్స్ వేడెక్కాక పట్టేవి, చల్లగా ఉన్నప్పుడు జారతాయి. హైబ్రిడ్ ప్యాడ్స్ బతుకంతా చల్లగానే గడుస్తుంది. పది కిలోమీటర్లు మోటారే ఆపుకుంటూ వచ్చిన బండికి హఠాత్తుగా గేదె అడ్డమొస్తే అప్పుడు ఆ చల్లటి ప్యాడే ఒక్క దెబ్బకి పట్టాలి. కొన్నేళ్ల కిందట ఒక కస్టమర్ బలవంతం మీద నేనే ఓ హైబ్రిడ్ సెడాన్‌కి అలాంటివి వేశా, వద్దని ఒకసారి చెప్పి ఊరుకున్నా, అది నా తప్పే. వారం తిరక్కుండా వచ్చాడాయన, పొద్దున్నే మొదటి బ్రేకు చెక్కలా ఉంటోంది, కీచుమని వీధంతా లేస్తోంది అని. హైబ్రిడ్ ఇంజను ఆగి మోటారు మీద వెళ్లేటప్పుడు బండిలో ఇంకే చప్పుడూ ఉండదు కదా, ప్యాడ్ చిన్నగా మూలిగినా చెవిలో పెట్టినట్టు వినపడుతుంది. మర్నాడే తీసేసి కంపెనీవి వేసి కూలి తీసుకోకుండా పంపించా.

మెటాలిక్ అంటే మసాలాలో ఇనప పొడి, ఉక్కు పోగులు ఎక్కువున్నవి. వేడిని బాగా తట్టుకుంటాయి, లోడు బండ్లకి మంచివి, కానీ డిస్కుని ఎక్కువ గీస్తాయి, చప్పుడు చేస్తాయి, ఇనుము కాబట్టి తడిలో డిస్కుతో కలిసి తుప్పు పడతాయి. మీ బండికి అక్కర్లేదు. సిరామిక్ అని రాసినవీ, జపాన్ కంపెనీలు మొదటినుంచీ వాడే ఉక్కు లేని ఆర్గానిక్ రకాలూ చల్లగా ఉన్నప్పుడు పట్టు బాగుంటాయి, చప్పుడు తక్కువ, మసి తక్కువ. మీకు కావాల్సింది ఈ జాతి. అయితే డబ్బా మీద సిరామిక్ అని ఎవడైనా అచ్చేయించుకోవచ్చు, ఆ మాటకి కాపలా ఎవరూ లేరు. అందుకని డబ్బా మీద మాట వదిలేసి ప్యాడ్ వెనక పలక మీద ఏం కొట్టారో చూడండి.

అక్కడ రెండు అక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది, ఎఫ్ఎఫ్ అనో జీజీ అనో ఎఫ్ఈ అనో. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలినప్పటి పట్టు. పట్టు అంకెల్లో E (ఈ) అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. జీ ఎక్కువ కదా అదే వేసేద్దాం అనుకుంటారు అందరూ, వద్దు. మీ బండి కంప్యూటరు మోటారు ఆపడం నుంచి ప్యాడ్ ఆపడానికి మారేటప్పుడు, ఇంత ప్రెషర్ ఇస్తే ఇంత ఆగుతుంది అని పాత ప్యాడ్ లెక్కనే పెట్టుకుని ఉంటుంది. పట్టు మరీ ఎక్కువున్నది వేస్తే సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు ఆ చివరి క్షణంలో తల ముందుకి ఊగుతుంది, మరీ తక్కువది వేస్తే కాలు ఇంకాస్త నొక్కాల్సొస్తుంది. పాత ప్యాడ్ మీద ఏ అక్షరాలున్నాయో అవే వెతకండి. ఇంకో గుర్తు గుండ్రంలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన ఒక అంకె, తర్వాత 90ఆర్ అని ఉంటుంది. యూరప్ రూలు అది, ఒరిజినల్ ప్యాడ్ పనితనానికి 15 శాతం అటూఇటూ లోపలే ఉండాలని పరీక్ష పెట్టి ఇచ్చే ముద్ర. హైబ్రిడ్‌కి నాకు అన్నిటికంటే నమ్మకం ఆ ముద్రే, ఎందుకంటే అది మంచి ప్యాడా చెడ్డ ప్యాడా అని కాదు, ఒరిజినల్‌కి దగ్గరగా ఉందా లేదా అని చెప్తుంది.

ఎవరిది కొనాలి అంటే నా ఓటు కంపెనీ డబ్బాకే, అది దొరక్కపోతే కంపెనీలకి బ్రేకులు చేసిచ్చే వాళ్ల డబ్బాకి. టొయోటాకి బ్రేకులు చేసే అడ్విక్స్, అకెబోనో జపాన్‌వి, హోండాలకి నిస్సిన్, మన చెన్నై వైపు నుంచి టీవీఎస్ గర్లింగ్, రాణే ఉన్నాయి, బాష్, బ్రెంబో సరేసరి. వీటిల్లో మీ బండికి పార్టు నంబరు ఉన్నది ఏదైనా పర్లేదు, ఛాసీ నంబర్ చెప్పి చూపించుకుని తీసుకోండి. మీ హైరైడర్, గ్రాండ్ విటారా రెండూ బిడది దగ్గర టొయోటా ప్లాంట్‌లో తయారైనవే కానీ పెట్రోలు మోడల్, హైబ్రిడ్ మోడల్ ఒకటే అని షాపాయన నోటిమాట మీద మాత్రం కొనొద్దు. సగం రేటుకి అదే డబ్బా ఇస్తానంటే అది అదే డబ్బా కాదు. ఓసారి మా ఆటోనగర్‌లోనే హోలోగ్రామ్‌తో సహా అచ్చం ఒరిజినల్‌లా ఉన్న డబ్బా కొని మోసపోయా, విప్పితే పలక అంచులు గరుకుగా, మసాలా గోటితో గీస్తే పొడి రాలుతోంది, వెనక ఏ అక్షరమూ లేదు. ఇన్నేళ్ల సర్వీసున్న నేనే పడ్డా, మీరు బిల్లు లేకుండా కొనకండి.

ప్యాడ్స్ కొన్న డబ్బులో కొంచెం మిగుల్చుకుని పిన్నులకి రబ్బరు బూట్లు, ప్యాడ్ కూర్చునే స్టీలు క్లిప్పులు కొత్తవి వేయించండి. గ్రీజు బ్రేకులకి వాడే సిలికాన్ రకమే వెయ్యాలి, బేరింగులకి వాడే మామూలు గ్రీజు డబ్బా పక్కనే ఉంది కదా అని వేళ్లతో తీసి పూశారంటే ఆ రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుపోతుంది, ఇది మన దగ్గర చాలా చోట్ల జరిగేదే. ఆ తర్వాత ఏడాదికోసారి, వానాకాలం అయిపోయాక, నాలుగు చక్రాలు విప్పి పిన్నులు శుభ్రం చేయించుకుంటే చాలు. బ్రేక్ ఆయిల్ సంగతి కూడా మర్చిపోకండి, ప్యాడ్ అరిగినా అరగకపోయినా ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటూనే ఉంటుంది, మాన్యువల్లో రెండేళ్లని ఉంటే రెండేళ్లకి, మూడని ఉంటే మూడేళ్లకి మార్చాల్సిందే.

*అన్నా నమస్తే. నా ఎర్టిగా మీద హైబ్రిడ్ అని రాసున్నది, 45 వేలకే ముందు ప్యాడ్స్ అయిపోయినయ్. మా బామ్మర్ది హైక్రాస్‌కు ఇంకా సగం కూడ అరగలే. నాకు ఖరాబ్ ప్యాడ్స్ ఏసిన్రా ఏంది? — కరీంనగర్ పాఠకుడు*

ఎవరూ ఏమీ చెయ్యలేదు తమ్ముడూ, నీ బండి పేరుకే హైబ్రిడ్. దాంట్లో ఉన్నది బెల్టు మీద తిరిగే చిన్న జనరేటరు, ఇంజను స్టార్ట్ చెయ్యడానికీ, బయల్దేరేటప్పుడు కాస్త తోయడానికీ పనికొస్తది, అంత పెద్ద బండిని ఆపేంత బలం దానికి లేదు. ఆపే పనంతా ప్యాడ్స్‌దే, కాబట్టి ఊళ్లో తిరిగే బండికి 45 వేలు మంచి లెక్కే. మామూలు పెట్రోలు బండి లెక్కన మంచి కంపెనీవి ఏస్కో, వెనక డ్రమ్ములు కూడా ఓసారి విప్పించి దుమ్ము దులిపించు. పైన గుంటూరాయనకి చెప్పిన చల్లటి పట్టు గోల నీకు అంత అవసరం లేదు. బామ్మర్దితో పందెం మాత్రం కట్టకు.

*సార్, నేను మెకానిక్‌నే, సొంత షెడ్డు ఉంది. ఇన్నాళ్లూ మారుతి, హ్యుందాయ్ బండ్లే చేశాను. ఇప్పుడు మా ఊళ్లో హైక్రాస్, కామ్రీ హైబ్రిడ్‌లు కూడా వస్తున్నాయి. వీటికి ప్యాడ్స్ మార్చేటప్పుడు మామూలు బండిలాగే చెయ్యొచ్చా, ఏమైనా తేడా ఉందా? — ఖమ్మం పాఠకుడు*

అడిగి మంచి పని చేశారు, అడక్కుండా చేసి వేలు నలగ్గొట్టుకున్న వాళ్లు ఉన్నారు. టొయోటా హైబ్రిడ్లలో చాలావాటికి బ్రేక్ ప్రెషర్ మీ కాలితో రాదు, లోపల ఒక ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది, అదే ప్రెషర్ తయారుచేసి దాచుకుంటుంది. బండి ఆపి తాళం జేబులో పెట్టుకున్నా, ఎవరైనా డ్రైవర్ డోర్ తీస్తే చాలు, ఆ పంపు నిద్ర లేచి గుర్రుమని ప్రెషర్ కొడుతుంది. మీరు కాలిపర్ విప్పి పెట్టి పిస్టన్ మీద వేలు పెట్టి చూస్తున్నారు, ఆ టైములో కస్టమర్ గారి అబ్బాయి ఫోన్ మర్చిపోయానని డోర్ తీశాడనుకోండి, బ్రేకు పని చెయ్యడం మొదలైతే పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది. వేలు పోయినా పోవచ్చు, కనీసం ఆయిల్ నేలపాలు, పైగా బ్రేకు పైపుల్లో చేరిన గాలి తియ్యాలంటే బండి కంప్యూటరుకి తగిలించే స్కానర్ లేకుండా కుదరదు.

కాబట్టి స్కానర్ ఉంటే ముందు బ్రేక్ కంట్రోల్ ఆపే ఆప్షన్‌లోకి వెళ్లండి. లేకపోతే బండి పూర్తిగా ఆఫ్ చేసి, డోర్లన్నీ వేసి, స్మార్ట్ కీని బండికి దూరంగా పెట్టి, కొద్ది నిమిషాలు ఆగి 12 వోల్టుల చిన్న బ్యాటరీ మైనస్ తీగ తీసెయ్యండి, ఆ తర్వాతే చక్రం విప్పండి. పని మధ్యలో బ్రేకు పెడల్ తొక్కొద్దు, ఎవర్నీ డోర్ తియ్యనివ్వొద్దు, నేనైతే డోర్ హ్యాండిల్‌కి గుడ్డ పీలిక కడతా. అన్నీ బిగించాక తీగ పెట్టి, బండి ఆన్ చేసి పెడల్ కొన్నిసార్లు నొక్కి గట్టిపడిందా లేదా చూసుకుని అప్పుడు కదిలించండి. పిస్టన్ లోపలికి నెట్టేటప్పుడు ఆయిల్ డబ్బా మూత తీసి పెట్టుకోండి, ఎక్కువైతే సిరంజితో లాగెయ్యండి, పెయింటు మీద పడితే లేచిపోతుంది.

ఇంకోటి, హోండా సిటీ హైబ్రిడ్ లాంటివాటికి హ్యాండ్ బ్రేకు లివర్ ఉండదు, బటన్ ఉంటుంది, వెనక కాలిపర్‌లోనే చిన్న మోటారు ఉంటుంది. దాని పిస్టన్‌ని సీ క్లాంపు పెట్టి తోశారంటే లోపలి గేర్లు విరుగుతాయి, కొత్త కాలిపర్ మీ జేబులోంచి వెయ్యాలి. స్కానర్‌తో మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి మోటారుతోనే వెనక్కి తిప్పించాలి. స్కానర్ కొనలేకపోతే వెనక ప్యాడ్స్ వరకు ఎవరికైనా అప్పజెప్పండి, నామోషీ ఏం లేదు.

*అంకుల్, మేము న్యూజెర్సీలో ఉంటాం. మాది 2018 కామ్రీ హైబ్రిడ్, 62 వేల మైళ్లు. ఇక్కడి షాపువాళ్లు వెనక ప్యాడ్స్ 7 మిల్లీమీటర్లు ఉన్నాయి అంటూనే ప్యాడ్స్, డిస్కులు రెండూ మార్చాలంటున్నారు. మా ఆయన ఇదంతా దోపిడీ అంటున్నారు. అరగని ప్యాడ్ ఎందుకు మార్చాలి? ప్యాడ్ డబ్బా మీద ఆకుల బొమ్మలుంటాయి, అవేంటి? — న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు*

దోపిడీ అవునో కాదో డిస్కు ఫోటో ఒకటి తీసి చూసుకుంటే తెలిసిపోతుందమ్మా. 62 వేల మైళ్లంటే మన లెక్కలో లక్ష కిలోమీటర్లు. మీ దగ్గర చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పునీళ్లు ప్రతి సీజన్లో కాలిపర్లో చేరతాయి, హైబ్రిడ్ వెనక బ్రేకులు అసలే బద్ధకం, వేడెక్కి ఆరే ఛాన్సే లేదు. ఆవకాయ జాడీలో ఇనప గరిటె వదిలేసినట్టే. డిస్కు మధ్యలో ప్యాడ్ తగిలేచోట మెరుస్తూ, అంచుల్లో మాత్రమే తుప్పుంటే పర్లేదు, మార్చక్కర్లేదు. ప్యాడ్ తగిలేచోటే చారలు చారలుగా గోధుమరంగు పట్టీలున్నాయంటే ఆ ప్యాడ్ పూర్తిగా ఆనట్లేదు, 7 కాదు 10 మిల్లీమీటర్లున్నా దండగే. ఇంకా చూడాల్సింది ప్యాడ్ అంచు. తుప్పు ఇనప పలకకీ మసాలాకీ మధ్యలోకి పాకితే పొరలు పొరలుగా ఉబ్బి మసాలా ఊడొచ్చే ప్రమాదం ఉంది, చీలిక కనపడితే ఆ రోజే మార్చెయ్యండి, మీ ఆయనకి నా పేరు చెప్పండి.

మార్చేట్టయితే డిస్కు అంచులకీ మధ్య బోడిపెకీ బూడిదరంగు పూత ఉన్నవి తీసుకోండి, ప్యాడ్‌కి వెనక పలక మీద మామూలు రంగు కాకుండా జింక్ పూత ఉన్న రకాలు మీ వైపు దొరుకుతాయి, ఉప్పు రోడ్లకి అవి కొంచెం ఎక్కువ పెట్టి కొన్నా గిట్టుబాటు. హైబ్రిడ్‌కి, కరెంటు బండ్లకి ప్రత్యేకం అని అమ్మే డబ్బాల్లోనూ చాలావరకు ఉండేవి ఇవే, తుప్పు పట్టని పలక, చప్పుడు రాకుండా పొర, చల్లటి పట్టు. అవి ఉంటే మంచిదే, లేకపోతే మీ బండి కంపెనీ ప్యాడ్ చాలు. విశాఖ బీచ్ రోడ్ పక్కన కాపురముండే మన పాఠకులకి కూడా ఈ మాట వర్తిస్తుంది, ఉప్పుగాలి ఉప్పుగాలే.

ఆకుల సంగతికొస్తే అది రాగి లెక్క. ప్యాడ్ మసాలాలో రాగి కలిపేవాళ్లు, అది దుమ్మై రోడ్డు మీద రాలి వానకి వాగుల్లో కలిసి అక్కడి సాల్మన్ చేపలకి హాని చేస్తోందని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి. 2021 నుంచి 5 శాతం లోపు, 2025 నుంచి అర శాతం లోపు ఉండాలి. మూడు ఆకులు నిండి పక్కన ఎన్ అని ఉంటే ఆ అర శాతం లోపుదన్నమాట. బ్రేకు పట్టుకీ ఆ ఆకులకీ సంబంధం లేదు, పట్టు కోసం పలక మీద అక్షరాలే చూసుకోండి.

*అయ్యా, మొన్న మా గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కి కొత్త ప్యాడ్స్ వేయించి తిరుమల వెళ్లొచ్చాం. కొండ దిగేటప్పుడు సగం దాటాక కాలిన వాసన వచ్చింది, బ్రేకు కూడా కాస్త మెత్తబడినట్టు అనిపించింది. హైబ్రిడ్‌లో మోటారే ఆపుతుంది కదా, ప్యాడ్స్ ఎలా కాలతాయి? నకిలీవి వేశారంటారా? — నెల్లూరు పాఠకుడు*

నకిలీ అని ఇప్పుడే తీర్పు చెప్పలేను గానీ కొండ లెక్క మాత్రం చెప్తా, కాగితం మీద వేసుకోండి. తిరుపతికీ తిరుమలకీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులు, లడ్డూ సంచులు, సామానుతో మీ బండి బరువు 1600 కిలోలనుకుందాం. అంత బరువు అంత ఎత్తు దిగితే ఆపడానికి పట్టుకోవాల్సిన శక్తి ఇంట్లో కరెంటు మీటరు లెక్కలో దాదాపు 3 యూనిట్లు. మీ బండి హైబ్రిడ్ బ్యాటరీ మొత్తం కలిపి 0.76 యూనిట్లు, అందులోనూ అడుగు నుంచి అంచు వరకు వాడనివ్వదు. గాలికీ టైర్లకీ కొంత పోయినా, మూడు బిందెల నీళ్లు ఒక చెంబులో పట్టవు కదండీ. మొదటి కొన్ని మలుపులకే చెంబు నిండిపోయుంటుంది, అక్కడ్నుంచి మోటారు చేతులెత్తేస్తుంది, 36 మలుపుల్లో మిగిలినవన్నీ మీ కొత్త ప్యాడ్స్ నెత్తిన పడ్డాయి. కొత్త ప్యాడ్ ఇంకా డిస్కుకి అలవాటు పడకముందే అంత వేడి తగిలితే మసాలాలో జిగురు కాలి వాసన రావడం మామూలే, పైన మెరుపు పొర కట్టి పట్టు కూడా తగ్గుతుంది.

కొండ దిగేటప్పుడు మొదటినుంచీ గేరు బి లో పెట్టుకోండి, బ్యాటరీ నిండాక అది ఇంజనుని తిప్పి ఆ బరువుతో బండిని పట్టుకుంటుంది, ఇంజను అరుస్తుంది, కంగారు పడొద్దు. కాలు బ్రేకు మీద ఆనించి ఉంచకుండా మలుపుకి ముందు గట్టిగా ఓసారి నొక్కి వదిలెయ్యండి. దిగడానికి 40 నిమిషాలకి తగ్గకూడదని దేవస్థానం వాళ్లు ఎలాగూ రూలు పెట్టారు, తొందరేముంది. ఇప్పటికైతే ఆ ప్యాడ్స్ విప్పించి చూడండి, పైన అద్దంలా మెరుస్తుంటే ఎమరీ పేపరుతో రుద్ది మళ్లీ వెయ్యొచ్చు, పగుళ్లుంటే మార్చాల్సిందే. బ్రేకు మెత్తబడిందన్నారు కాబట్టి బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా చూసుకోండి, డాట్ 3 ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తేమ పట్టాక 140కే మరిగిపోతుంది.

కొత్త ప్యాడ్స్‌ని అలవాటు చెయ్యడం హైబ్రిడ్‌లో ఓ తిప్పలు, మెల్లగా బ్రేకు కొడితే మోటారే ఆపేస్తుంది, ప్యాడ్‌కి పని దొరకదు. అందుకని ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద, వెనకాల ఎవరూ లేరని చూసుకుని, 50 స్పీడులో న్యూట్రల్ వేసి ఓ మాదిరిగా బ్రేకు కొట్టి 10కి తెచ్చి వదిలెయ్యండి. న్యూట్రల్‌లో మోటారు కరెంటు చెయ్యదు, బ్రేకంతా ప్యాడ్స్ మీదే పడుతుంది. మధ్యలో చల్లారనిస్తూ ఓ పదిసార్లు చేస్తే చాలు. ట్రాఫిక్‌లోనూ దిగుడులోనూ న్యూట్రల్ మాట ఎత్తొద్దు. డిస్కు మీద తుప్పు పొర పోగొట్టుకోడానికి కూడా నెలకోసారి ఇదే పని చెయ్యొచ్చు.

*మా అబ్బాయి దుబాయ్ వెళ్తూ హైబ్రిడ్ కారు మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. నాలుగు నెలలు కదల్లేదు. నిన్న తీయబోతే చక్రం పట్టేసి టక్ మని శబ్దం చేసి కదిలింది. ప్యాడ్స్ పోయాయా? — కాకినాడ నుంచి ఒక పెద్దాయన*

పోయి ఉండకపోవచ్చు మాస్టారూ. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేసి ఉంటారు, ప్యాడ్ డిస్కుకి అంటుకుని ఇద్దరూ కలిసి తుప్పు పట్టారు, మీరు కదిలించగానే విడిపోయారు. డిస్కు మీద ప్యాడ్ ఆకారంలో నల్లటి మచ్చ ఉండి, బ్రేకు కొట్టినప్పుడల్లా పెడల్ కింద లయగా తగులుతుంటే డిస్కు లేతు పట్టించాలి, అంచు మీద కొట్టిన కనీస మందం కంటే తగ్గకుండా చూడమనండి, తగ్గితే కొత్తదే. లేదంటే నాలుగు రోజులు తిప్పండి, అదే సర్దుకుంటుంది. ఈసారి పెట్టేటప్పుడు చదును నేల మీద గేరు పార్కింగ్‌లో వేసి చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టండి, హ్యాండ్ బ్రేకు వదిలెయ్యండి. పదిహేను రోజులకోసారి మీరే వీధి చివరి దాకా నడిపి రండి, బ్యాటరీకి కూడా మంచిది.

*అన్నయ్యా, హైదరాబాద్‌లో గుంతల రోడ్డు మీద మెల్లగా బ్రేకు వేస్తూ వెళ్తుంటే గుంతలో పడ్డప్పుడల్లా ఒక్క క్షణం బ్రేకు జారిపోయినట్టు అనిపిస్తుంది. గుండె గుభేల్ మంటుంది. ప్యాడ్స్ మారిస్తే పోతుందా? — ఉప్పల్ పాఠకురాలు*

పోదమ్మా, ప్యాడ్స్‌కి డబ్బు తగలెయ్యకు. గుంతలో చక్రం ఒక్క క్షణం పట్టు తప్పగానే కంప్యూటరు మోటారు బ్రేకుని ఆపేసి ప్యాడ్స్‌కి, చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్‌కి పని అప్పగిస్తుంది, ఆ చేతులు మారే సందులో నీకు జారినట్టు అనిపిస్తోంది. 2010 ఫిబ్రవరిలో టొయోటా ఇదే రకం ఫిర్యాదు మీద ప్రియస్‌తో కలిపి ప్రపంచమంతా 4 లక్షల పైచిలుకు హైబ్రిడ్లని వెనక్కి పిలిచి ఏబీఎస్ సాఫ్ట్‌వేర్ మార్చింది. అంటే నీది భ్రమ కాదు. నీ బండికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏమైనా వచ్చిందేమో సర్వీస్ సెంటర్‌లో అడుగు, టైర్లలో గాలి సరిగ్గా ఉందో చూసుకో, అరిగిన టైర్లయితే ఈ జారుడు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. అప్పటిదాకా అలా అనిపించినప్పుడు కాలు తియ్యకు, ఇంకాస్త గట్టిగా నొక్కు, ప్యాడ్స్ పట్టుకుంటాయి. గుంతల సంగతి మాత్రం నా చేతుల్లో లేదు.